స్పర్శ లేని మీట: హాల్ స్విచ్చి చరిత్ర

మీట నొక్కగానే అక్షరము పడును. ఇంతకంటె సులభమైన పని వేరొకటి లేదని చూచువారికి తోచును. కాని ఆ నొక్కుడులో రెండు పనులు ఇమిడి యున్నవి. వ్రేలు కొంచెము క్రిందికి దిగుట మొదటిది. ఫలానా అక్షరము కావలెనను వార్త యంత్రమునకు చేరుట రెండవది. 1874 వ సంవత్సరమున అమెరికాలో అమ్మకమునకు వచ్చిన రెమింగ్టను టైపురైటరులో ఈ రెండు పనులును ఒక్కటే. మీట కదలికయే కడ్డీల ద్వారా సాగి, అచ్చును కాగితమునకు కొట్టెడిది. కంప్యూటరు సంగతి అట్లు కాదు. దానికి కావలసినది బలము కాదు, వార్త మాత్రమే. ఆ వార్తను విద్యుత్తు మోసికొనిపోవలెను. వ్రేలి కదలికను విద్యుత్తు వార్తగా మార్చు సాధనమునకే స్విచ్చి యని పేరు.

కంప్యూటరు కీబోర్డుల కొరకు గడచిన అరువది ఏండ్లలో ఎన్నియో రకముల స్విచ్చులు పుట్టినవి. వానిలో ఒకటి మిక్కిలి విశేషమైనది. వార్త నందించుటకై అందులో ఏ లోహమును వేరొక లోహమును తాకదు. అది ఒక విద్యార్థికి కలిగిన సందేహమునుండి పుట్టి, 89 సంవత్సరములు ప్రయోగశాలలలో వేచియుండి, ఒక కర్మాగారమునకు చేరి, సుమారు రెండు దశాబ్దములు వెలిగి, మరుగుపడి, మరల మన కాలమున తలయెత్తినది. దాని చరిత్ర విజ్ఞానమునకును వ్యాపారమునకును గల సంబంధమును చక్కగా తెలుపును.

లోహము లోహమును తాకినచో

స్విచ్చులలో అతి సామాన్యమైనది రెండు లోహపు రేకులు కలది. మీట నొక్కిన అవి కలియును, విద్యుత్తు ప్రవహించును. మీట వదలిన విడిపోవును, ప్రవాహము ఆగును. ఇంటి దీపమునకు ఇంతమాత్రము చాలును. కంప్యూటరునకు చాలదు.

ఒక గాజు గోలీని బండరాతిపై వదలినచో అది పడినచోటనే నిలువదు. పైకెగిరి, మరల పడి, మరల ఎగిరి, నాలుగైదు మారులైన పిదపగాని కుదురుకొనదు. లోహపు రేకుల కలయికయు ఇట్టిదే. అవి తాకి, విడిపోయి, మరల తాకి, కొన్ని మిల్లీసెకండ్ల కాలము ఇట్లు గంతులిడిన పిదప స్థిరపడును. దీపము క్రింద చదువుకొనువాని కంటికి ఇది కనబడదు. 1960 ప్రాంతపు కంప్యూటరులు సెకండులో పదిలక్షవ వంతును లెక్కించు యంత్రములు. వానికి ప్రతి గంతును ఒక క్రొత్త నొక్కుడుగనే తోచును. 1500 అని కొట్టదలచిన గుమాస్తాచేత 15000 అని పడిన ఏమగునో పాఠకులే ఊహింపవచ్చును.

ఈ గంతులు అణగువరకు ఆగి చూచు వలయములను ఇంజనీర్లు కల్పించిరి. దానితో ఒక చిక్కు తీరినది, మిగిలినవి తీరలేదు. గాలి సోకి లోహముపై మకిలి పట్టును. దుమ్ము చేరును. కాఫీ ఒలుకును. లక్షల మారులు కొట్టుకొన్న రేకులు అరిగిపోవును. బంగారు పూత పూసిన మకిలి పట్టదు గాని ఖర్చు పెరుగును. బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్వుడ్ 1936లో కనిపెట్టిన రీడ్ స్విచ్చిలో రేకులను గాజు గొట్టములో బంధించి, అయస్కాంతముచేత బయటినుండి కదలింతురు. అందులో దుమ్ము చేరదు. అయినను లోపల లోహము లోహమును తాకుచునే యున్నది, గంతులును ఉన్నవి.

కావున అసలు ప్రశ్న ఇది: తాకుడే లేకుండ వార్త పంపుట సాధ్యమా? దీనికి సమాధానము 1879లోనే దొరకినది. కాని అప్పుడు ఆ ప్రశ్న అడుగువారు లేరు.

ఒక విద్యార్థి సందేహము

ఎడ్విన్ హెర్బర్ట్ హాల్ 1855లో అమెరికా దేశపు మెయిన్ రాష్ట్రమున గోరం అను ఊరిలో జన్మించెను. పట్టము పొంది, రెండేండ్లు బడిలో పాఠములు చెప్పి, 1877లో బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చేరెను. ఆ విశ్వవిద్యాలయము నెలకొల్పబడి అప్పటికి ఒక ఏడే అయినది. అచట భౌతికశాస్త్రాచార్యుడు హెన్రీ రోలండ్.

హాల్ ఆ కాలమున మాక్స్‌వెల్ రచించిన విద్యుదయస్కాంత గ్రంథమును చదువుచుండెను. 1873లో వెలువడిన ఆ గ్రంథము భౌతికశాస్త్రజ్ఞులకు ప్రమాణము. విద్యుత్తు ప్రవహించుచున్న తీగను అయస్కాంతమునొద్ద ఉంచినచో తీగ ప్రక్కకు నెట్టబడునని అందరకు తెలిసినదే. మోటారు తిరుగుట ఇందువలననే. అయితే ఆ బలము పనిచేయునది తీగపైనే గాని, అందులోని ప్రవాహముపై కాదని మాక్స్‌వెల్ వ్రాసెను. ఇది హాల్‌నకు మింగుడుపడలేదు. ప్రవాహము లేని తీగకు ఆ బలము సోకదు గదా! ప్రవాహము ఎంతయో బలమును అంతయే యుండును గదా! అట్లైన బలము ప్రవాహమునకు సోకదనుట ఎట్లు?

హాల్ ఈ సందేహమును రోలండ్ ముందుంచెను. రోలండ్‌నకును మాక్స్‌వెల్ వాక్యముపై అనుమానమే. ఆయన అంతకు పూర్వము తొందరగా ఒక ప్రయోగము చేసి చూచెను గాని ఫలితము కనబడలేదు. హాల్ మొదట వేరొక త్రోవ త్రొక్కెను. ప్రవాహము తీగలో ఒక ప్రక్కకు లాగబడినచో, దానికి దారి ఇరుకై, నిరోధము పెరుగవలెనని తలచి, జర్మను వెండి తీగను చుట్టగా చుట్టి అయస్కాంత ధ్రువముల నడుమ ఉంచి కొలిచెను. పెరుగుదల యేమియు కనబడలేదు.

అంతట హాల్ రోలండ్ ప్రయోగమునే మరల చేపట్టెను. కాని ఈ మారు లోహపు పలకకు బదులు, గాజుపై అంటించిన పలుచని బంగారు రేకును వాడెను. రేకు పొడవునా విద్యుత్తును పంపి, రేకునకు లంబముగా అయస్కాంత క్షేత్రమును నిలిపి, రేకు ఇరు అంచులను గాల్వనామీటరునకు కలిపెను. 1879 అక్టోబరు 28 వ తేదీన ఆ సూచిక కదలెను. అయస్కాంతపు దిక్కు మార్చినప్పుడు అదియు రెండవ వైపునకు కదలెను. ప్రవాహమునకు అడ్డముగా, రేకు ఒక అంచునుండి రెండవ అంచునకు ఒక స్వల్పమైన వోల్టేజి ఏర్పడుచున్నదని తేలినది. దీనినే నేడు హాల్ ఫలితమనియు, ఆ వోల్టేజిని హాల్ వోల్టేజి యనియు అందురు.

ఒక వారము గడచిన పిదప, నవంబరు 5 వ తేదీన, మాక్స్‌వెల్ ఇంగ్లండులో మరణించెను. హాల్ వ్యాసము అచ్చగునప్పటికి ఆయన లేడు. గొప్పవారి గ్రంథములోని ఒక వాక్యమును ఒక విద్యార్థి నమ్మక, పరీక్షించి చూచుటవలన ఈ సత్యము వెలుగులోనికి వచ్చినది. గురువు ఆ సందేహమును త్రోసిపుచ్చక పోవుటయు ఇందులో గమనింపదగినదే.

ఎనుబది తొమ్మిది ఏండ్ల నిరీక్షణ

హాల్ ఫలితము కనబడినది గాని దాని కారణము వెంటనే తెలియలేదు. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును గుర్తించిన పిదప చిత్రము స్పష్టమైనది. లోహములో ప్రవహించునవి ఎలక్ట్రానులు. అయస్కాంతము వానిని ఒక ప్రక్కకు నెట్టును. ఆ అంచున ఎలక్ట్రానులు పోగుపడును; రెండవ అంచున లోటు ఏర్పడును. ఈ హెచ్చుతగ్గులే హాల్ వోల్టేజి. ఇనుములో ఈ వోల్టేజి బంగారమునకు వ్యతిరేక దిక్కున ఉండుటను హాల్ తానే చూచెను. కొన్ని పదార్థములలో గుర్తు ఇట్లు మారుటకు కారణము ఎలక్ట్రానుతో మాత్రమే తెలియలేదు. 1929లో పైర్ల్స్ క్వాంటమ్ సిద్ధాంతము ననుసరించి దానికి దారి చూపెను.

కారణము తెలిసినను ఉపయోగము కనబడలేదు. వోల్టేజి మరీ చిన్నది. ఒక లెక్క చూచిన ఇది బోధపడును. మైక్రానులో పదవ వంతు మందము గల బంగారు రేకులో 30 మిల్లీఆంపియర్ల విద్యుత్తు పంపి, 5000 గాసుల అయస్కాంత క్షేత్రములో ఉంచినామనుకొందము. అప్పుడు వచ్చు హాల్ వోల్టేజి సుమారు 16 మైక్రోవోల్టులు. అనగా వోల్టులో లక్షవ వంతు కంటె కొంచెము హెచ్చు. దీనితో ఏ యంత్రమును నడుపజాలము.

కారణమేమనగా, బంగారములో స్వేచ్ఛగా తిరుగు ఎలక్ట్రానులు అపారముగా నున్నవి. ఒక ఘన సెంటీమీటరులో అవి ఆరు ప్రక్కన ఇరువదిరెండు సున్నలు వేసిన సంఖ్యకు దగ్గరగా నుండును. వెడల్పైన కాలువలో నీరు మెల్లగా సాగును. అంతే నీరు ఇరుకైన తూములో పోవలెనన్న వడిగా సాగవలెను. అట్లే, ఎలక్ట్రానులు విస్తారముగా నున్నచోట ఒక్కొక్కటి మెల్లగా నడచినను కావలసిన ప్రవాహము కలుగును. అవి కొలదిగా నున్నచో వడిగా నడువవలెను. అయస్కాంతపు నెట్టుడు వడిని బట్టి యుండును. కావున హాల్ వోల్టేజి హెచ్చుగా కావలెనన్న, విద్యుద్వాహకములు తక్కువగా నుండు పదార్థము కావలెను.

అట్టివి అర్ధవాహకములు. తగుమాత్రము కల్తీ కలిపిన సిలికానులో ఘన సెంటీమీటరునకు ఒకటి ప్రక్కన పదునైదు సున్నల సంఖ్యలో ఎలక్ట్రానులు ఉండునట్లు చేయవచ్చును. బంగారముతో పోల్చిన ఇది సుమారు ఆరు కోట్లవ వంతు. 5 మైక్రానుల మందము గల ఇట్టి సిలికాను పొరలో ఒక్క మిల్లీఆంపియరు పంపి, 500 గాసుల క్షేత్రములో ఉంచిన, సుమారు 60 మిల్లీవోల్టులు లెక్కకు వచ్చును. ప్రవాహము ముప్పదవ వంతు, క్షేత్రము పదవ వంతు అయినను, వోల్టేజి దాదాపు నాలుగు వేల రెట్లు పెరిగినది!

1950 తరువాత జర్మనీలో సీమెన్స్ సంస్థయందు హైన్రిఖ్ వెల్కర్ ఇండియమ్ ఆంటిమనైడు వంటి క్రొత్త అర్ధవాహకములను శోధించెను. వానిలో హాల్ ఫలితము మిక్కిలి బలముగా కనబడినది. కాని అవి విడిగా నుండు అంగములు. వోల్టేజిని పెంచు వలయములను ప్రక్కన వేరుగా కట్టవలెను. 1958లో కిల్బీ, 1959లో నాయిస్ కనిపెట్టిన సమీకృత వలయములు ఈ చిక్కును విప్పినవి. ఒకే సిలికాను ముక్కపై హాల్ అంగమును, ఆ వోల్టేజిని పెంచు వలయమును కలిపి చెక్కుట సాధ్యమైనది. ఇక కావలసినది దానిని వేల సంఖ్యలో కోరు ఒక పని.

ఫ్రీపోర్టు కర్మాగారము

ఆ పని ఇల్లినాయి రాష్ట్రములోని ఫ్రీపోర్టు పట్టణమున దొరకినది. అచట బర్జెస్ బ్యాటరీ సంస్థలో పనిచేయుచుండిన మెక్‌గాల్ అను ఆయన 1932లో ఒక చిన్న స్విచ్చిని కనిపెట్టెను. అతి స్వల్పమైన కదలికతోనే చటుక్కున తెరుచుకొని మూసికొను స్విచ్చి యది. 1937లో షుల్టె అను ఆయన దానిని తయారుచేయుటకు మైక్రో స్విచ్ అను సంస్థను నెలకొల్పెను. ఆ పేరు ఎంత ప్రసిద్ధమయ్యెననగా నేటికిని అట్టి స్విచ్చులన్నిటిని, ఎవరు చేసినను, మైక్రోస్విచ్చులనియే పిలుతురు. 1950లో హనీవెల్ సంస్థ దీనిని కొనెను.

లోహపు రేకుల స్విచ్చిలో పేరుగాంచిన ఈ కర్మాగారమే, 1968లో లోహపు రేకులను విడనాడిన మీటను లోకమునకు చూపెను. ఎవెరెట్ వోర్ట్‌మన్, జోసెఫ్ మాపిన్ అను ఇంజనీర్లు దీనికి ముఖ్యులు. 1969లో జరిగిన వసంతకాలపు కంప్యూటరు మహాసభలో వారు దీనిని వివరించుచు ఒక వ్యాసము సమర్పించిరి. హాల్ ఫలితము ప్రయోగశాల గడప దాటి, నిత్యవ్యవహారమున విస్తారముగా పనికివచ్చుట ఈ మీటతోనే మొదలైనదనవచ్చును.

దీని నిర్మాణము తేటయైనది. మీటకు దిగువన ప్లాస్టిక్ కూపములో ఒక కడ్డీ గలదు. ఆ కడ్డీలో అయస్కాంతము అమర్చబడినది. కడ్డీ క్రింద స్ప్రింగు ఉన్నది. కూపములో ఒక ప్రక్కన, మినపగింజకంటె చిన్నదైన సిలికాను ముక్క కదలకుండ నిలిచియున్నది. మీట నొక్కిన అయస్కాంతము దిగి ఆ ముక్క ఎదుటికి వచ్చును. క్షేత్రము మారును. హాల్ వోల్టేజి పుట్టును. మీట వదలిన స్ప్రింగు దానిని పైకి నెట్టును. విద్యుత్తు ప్రవహించు భాగమేదియు కదలదు. కదలు భాగములో విద్యుత్తు ప్రవహింపదు. ఈ స్విచ్చి ప్రాణమంతయు ఈ ఒక్క సూత్రములో నున్నది.

అయితే ఇచట ఒక సూక్ష్మము గలదు. అయస్కాంతము మెల్లగా దిగినచో హాల్ వోల్టేజియు మెల్లగా పెరుగును. ఏ చోట "నొక్కబడినది" అని నిర్ణయింపవలెను? ఒక హద్దు పెట్టిన, సరిగా ఆ హద్దుననే వ్రేలు వణకినచో, అటునిటు ఊగుచు మరల గంతుల చిక్కే వచ్చును. దీనికి విరుగుడు ఒట్టో ష్మిట్ 1934లో, విద్యార్థిగా నున్నప్పుడు, స్క్విడ్ అను సముద్రజీవి నరములలో వార్తలు ప్రసరించు తీరును పరిశీలించుచు కనిపెట్టిన వలయము. ఇందులో హద్దులు రెండు. పైకి పోవునప్పుడు ఎగువ హద్దు దాటిన గాని వెలుగదు. దిగునప్పుడు దిగువ హద్దు దాటిన గాని ఆరదు. రెండు హద్దుల నడుమ ఎంత వణకినను మార్పు లేదు. హాల్ అంగము, ష్మిట్ వలయము, వార్తను పంపు ట్రాన్సిస్టరులు అన్నియు ఆ ఒక్క సిలికాను ముక్కలోనే చేర్చబడినవి.

ఆ ముక్కకు రెండు వేరువేరు నిర్గమములు ఉంచుట మరియొక యుక్తి. ఒకే మీట రెండు తీగలకు ఒకేసారి వార్త పంపగలదు. ఒక తీగలోని విద్యుత్తు రెండవ తీగలోనికి దొంగదారిన పోజాలదు. సామాన్యమైన కీబోర్డులలో మీటలను అడ్డవరుసలు, నిలువువరుసలుగా వలవలె కలుపుదురు. అట్టి వలలో దీర్ఘచతురస్రపు మూడు మూలలలోని మీటలను ఒక్కమారు నొక్కినచో, విద్యుత్తు చుట్టుదారిన పోయి, నొక్కని నాలుగవ మీటయు నొక్కినట్లే కనబడును. దీనిని ఇంజనీర్లు దయ్యపు మీట యందురు. హాల్ మీటలలో ప్రతి మీటయు స్వతంత్రమగుటచేత ఈ దయ్యమునకు చోటు లేదు.

రకములు

ఈ మీటలలో మొదటి కుటుంబమునకు ఎస్‌డబ్ల్యు అని పేరు. తరువాత ఎస్‌ఎన్, ఎస్‌డి శ్రేణులు వచ్చినవి. కీబోర్డు అడుగున వ్రాయబడిన సంకేతములో ఈ అక్షరములకు ముందుండు సంఖ్య సాధారణముగా మీటల సంఖ్యను తెలుపును. 103ఎస్‌డి అని యున్నచో 103 మీటలు గల ఎస్‌డి శ్రేణి కీబోర్డని అర్థము. పాత సామానులో ఇట్టివి కనబడినప్పుడు గుర్తుపట్టుటకు ఇది మంచి ఆనవాలు.

ఒకే శ్రేణిలోనే పని తీరును బట్టి భేదములున్నవి. కొన్ని మీటలు నొక్కియుంచినంతసేపు వార్త పంపుచుండును. షిఫ్టు మీటకు ఇట్టిది కావలెను. కొన్ని నొక్కిన క్షణమున ఒక్క తాడనము మాత్రము పంపి ఊరకుండును; అక్షరపు మీటకు ఇది అనుకూలము. మరికొన్ని ఒకమారు నొక్కిన దిగి నిలిచి, మరియొకమారు నొక్కిన లేచును. ఇవి పెద్దక్షరముల తాళపు మీటలు. వీనిలో చిన్న కొక్కెము వంటి యాంత్రిక ఏర్పాటు ఉండును.

వ్రేలికి తోచు అనుభవములోను భేదము గలదు. ఈ మీటలు చాలవరకు ఆరంభమునుండి అంతమువరకు ఎట్టి తడబాటు లేక సాగునట్టివి. ఎచట వార్త వెలువడినదో వ్రేలికి తెలియదు. టైపురైటరు అలవాటుగల వారికి ఇది వింతగా నుండెను. తరువాతి శ్రేణులలో నడుమ చిన్న మిట్ట తగులునట్టివి, చప్పుడు తగ్గించినట్టివి కూడ చేయబడినవి. లోహపు స్విచ్చిలో వ్రేలికి తగులు మిట్టయు, విద్యుత్తు కలయికయు ఒక్క రేకు పనియే కావచ్చును. హాల్ స్విచ్చిలో ఈ రెండును వేరు. మిట్ట కేవలము వ్రేలి తృప్తికి చేర్చిన అలంకారము; అది అరిగినను వార్తకు లోపము లేదు.

ఏడు సహాయపు మీటలు

ఈ స్విచ్చులు గల కీబోర్డులలో మిక్కిలి పేరుపొందినది మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1978లో జాన్ కల్ప్ రూపొందించిన స్పేస్ కేడెట్ కీబోర్డు. కృత్రిమ మేధకు సంబంధించిన పరిశోధనకై అచట నిర్మింపబడిన లిస్ప్ యంత్రములకు దీనిని వాడిరి. మైక్రో స్విచ్ సంస్థయే దీనిని తయారు చేసెను.

మన కీబోర్డులలో షిఫ్టు, కంట్రోలు వంటి సహాయపు మీటలు రెండు మూడుండును. స్పేస్ కేడెట్‌లో అట్టివి ఏడు రకములు: షిఫ్టు, టాప్, గ్రీక్ అనునవి అక్షరమును మార్చునవి, కంట్రోల్, మెటా, సూపర్, హైపర్ అనునవి ఆజ్ఞలను మార్చునవి. వీనిని పలు విధముల కలిపి నొక్కినచో 8000కు పైగా వేరువేరు సంకేతములు పుట్టింపవచ్చును. వీణపై వ్రేళ్ళు పెట్టినట్లు నాలుగైదు మీటలను ఒక్కసారి నొక్కవలసిన కీబోర్డు ఇది. దయ్యపు మీటలు పుట్టు సామాన్యపు వలతో ఇది సాగునది కాదు. ప్రతి మీటయు స్వతంత్రముగా పలుకు హాల్ స్విచ్చి ఇట్టి పనికి తగినది.

మేలైనది ఎందుకు ఓడెను?

ఇంత మేలైన మీట లోకమంతట ఎందుకు వ్యాపింపలేదు? కారణములు రెండు: విద్యుత్తు, ధర.

లోహపు స్విచ్చి ఊరక యున్నప్పుడు విద్యుత్తు తీసికొనదు. హాల్ మీటలోని సిలికాను ముక్క నొక్కినను నొక్కకున్నను కొన్ని మిల్లీఆంపియర్లు తీసికొనుచునే యుండును. నూరు మీటలు గల కీబోర్డునకు ఇది చిన్న మొత్తము కాదు. ఇక ధర. ప్రతి మీటకు ఒక అయస్కాంతము, ఒక సమీకృత వలయము కావలెను. పెద్ద సంస్థల లెక్కలు చూచు కంప్యూటరు లక్షల డాలర్లు వెలగల కాలమున ఈ ఖర్చు లెక్కలోనిది కాదు. విమానములు, బ్యాంకులు, పరిశోధనశాలలు వంటిచోట్ల ఒక తప్పు అక్షరము వలన కలుగు నష్టము కీబోర్డు ధరకంటె హెచ్చు. కాని 1980 తరువాత కంప్యూటరు ఇంటిలోనికి వచ్చెను. దాని ధర ఏటికేడు పడిపోయెను. అప్పుడు కీబోర్డులోని ప్రతి పైసయు లెక్కకు వచ్చెను.

ప్రత్యర్థులును ఊరకుండలేదు. ఐ.బి.ఎమ్. సంస్థలో రిచర్డ్ హంటర్ హారిస్ కనిపెట్టిన వంగు స్ప్రింగు మీటకు 1978లో పేటెంటు లభించెను. దానిలో నొక్కిన స్ప్రింగు చటుక్కున ప్రక్కకు వంగి, చప్పుడును స్పర్శానుభవమును కలిగించును. జర్మనీ సంబంధము గల చెర్రీ సంస్థ 1980 దశకపు తొలి యేండ్లలో ఎమ్‌ఎక్స్ శ్రేణి స్విచ్చులను వెలువరించెను. వీనిలో బంగారు మిశ్రమపు స్పర్శస్థానములుండును. అన్నిటికంటె చవుకైనది ప్లాస్టిక్ పొరలపై ముద్రించిన వలయమును రబ్బరు గుబ్బలతో నొక్కునట్టిది. గంతుల చిక్కును తీర్చుటకు కీబోర్డులోనికి ఒక చిన్న మైక్రోప్రాసెసరు వచ్చెను. కొన్ని మిల్లీసెకండ్లు ఆగి చూచుట దానికి ఆటపని. ఒకప్పుడు హాల్ మీట తీర్చిన చిక్కును ఇట్లు ఆ ఒక్క చిప్పు నూరు మీటలకును కలిపి తీర్చెను. 1993లో హనీవెల్ తన కీబోర్డు విభాగమును కీ ట్రానిక్ సంస్థకు అమ్మివేసెను.

ఓటమికి కారణము దోషము కాదు. ఒక వస్తువు కొన్నవానికంటె హెచ్చుకాలము బ్రతుకుట వ్యాపారమున గుణముగా లెక్కింపబడదు. రెండు మూడేండ్లకు మారునట్టి కంప్యూటరునకు, జీవితకాలము మన్ను మీట ఎందుకని కొనువాడు అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని పారవేయబడిన ఆ కీబోర్డులలో మీటలు నేటికిని పనిచేయుట చూచినప్పుడు, చవుక యనుదానికి అసలు వెల ఏమిటని ఎదురుప్రశ్న వేయవలసియున్నది.

తిరిగి వచ్చిన మీట

2019 ప్రాంతమునుండి అయస్కాంతపు మీట మరల కనబడసాగెను. ఆ సంవత్సరమున డెన్మార్కునకు చెందిన స్టీల్‌సిరీస్ సంస్థ అట్టి కీబోర్డును విడుదల చేసెను. నెదర్లాండ్సునకు చెందిన వూటింగ్ మున్నగు సంస్థలు హాల్ మీటలను వాడుకలోనికి తెచ్చెను. ఈసారి వానిని కోరినవారు బ్యాంకు గుమాస్తాలు కారు, కంప్యూటరు క్రీడాకారులు. అరుగుదల లేకుండుట వారికి ముఖ్యము కాదు. వారు కోరినది 1968 నాటి ఇంజనీర్లు తెలిసియే విడిచిపెట్టిన గుణము.

హాల్ వోల్టేజి అయస్కాంతపు దూరమును బట్టి కొంచెము కొంచెముగా మారునని పైన చెప్పబడినది. అనగా మీట నొక్కబడినదా లేదా యనుటయే కాక, ఎంత దిగినదో కూడ అది చెప్పగలదు. నాటి కంప్యూటరునకు అంత వివరము అనవసరము. కావున ష్మిట్ వలయముతో దానిని "అవును", "కాదు" అను రెండు మాటలకు కుదించిరి. నేటి కీబోర్డులు ఆ వోల్టేజిని అంకెలలోనికి మార్చి, మీట ఎంత లోతు దిగినదో ఎడతెగక చదువుచుండును. ఎంత లోతున అక్షరము పడవలెనో వాడువాడే నిర్ణయించుకొనవచ్చును. వ్రేలు పైకి లేవనారంభించిన క్షణముననే మీట వదలినట్లు గుర్తింపవచ్చును. ఈ వేగము ఆటలలో ఎంత ఆధిక్యము నిచ్చుచున్నదను వాదము కూడ లేచినది. వ్రేళ్ళ నేర్పును యంత్రమే అనుకరించునట్లు కీబోర్డులలో చేర్చిన కొన్ని ఏర్పాట్లను 2024లో వాల్వ్ సంస్థ తన కౌంటర్ స్ట్రైక్ ఆటలో నిషేధించెను.

కీబోర్డులలో మరుగుపడిన కాలమునను హాల్ చిప్పు సోమరిగా లేదు. కీబోర్డు కొరకు నేర్చుకొనిన విద్య మోటారు వాహనములలోనికి పోయెను. మన వీధులలో తిరుగు విద్యుత్ స్కూటర్లలో వేగమును పెంచు పిడిని త్రిప్పినప్పుడు, అందు ఒక అయస్కాంతము హాల్ చిప్పు ఎదుట తిరుగుచుండును. చక్రపు మోటారులో ఏ చుట్టకు ఎప్పుడు విద్యుత్తు పంపవలెనో తెలుపునవియు సాధారణముగా అట్టి చిప్పులే. వానలోను దుమ్ములోను అవి పనిచేయుటకు కారణము ఫ్రీపోర్టు మీటకు గల కారణమే: కదలు భాగములో విద్యుత్తు లేదు.

శుద్ధ విజ్ఞానములోను హాల్ త్రోవ అంతము కాలేదు. 1980లో జర్మను శాస్త్రజ్ఞుడు క్లౌస్ ఫాన్ క్లిట్జింగ్, అతిశీతల స్థితిలో ప్రబలమైన అయస్కాంత క్షేత్రమున, హాల్ నిరోధము మెట్లుమెట్లుగా మారుటను కనిపెట్టెను. ఆ మెట్ల ఎత్తును నిర్ణయించు విలువ, సుమారు 25,812.8 ఓములు, పదార్థమును బట్టి మారదు. 1985లో ఆయనకు నోబెలు బహుమతి లభించెను. ప్రపంచమున నిరోధమును కొలుచుటకు నేడు ఇదియే ప్రమాణము.

బంగారు రేకుపై సూచిక కదలిన నాడు దానితో ఏమి ప్రయోజనమని హాల్‌ను అడిగియుండినచో ఆయన చెప్పజాలడు. కంప్యూటరు లేదు, ఎలక్ట్రాను పేరు కూడ లేదు. ప్రయోజనము తెలిసిన పిదపనే పరిశోధనకు ధనమిత్తుమనువారు ఈ 89 ఏండ్ల లెక్కను ఒకసారి చూచుట మంచిది. సత్యము దొరకిననాడే దానికి పని దొరకవలెనన్న నియమము లేదు. తగిన పదార్థము, తగిన పనితనము, తగిన అవసరము మూడును కలిసిన దినమున అది తానే పనికి వచ్చును. అంతవరకు దానిని సరిగా వ్రాసి భద్రపరచియుంచుట మాత్రము మనుష్యుల పని.